గంజి పట్టిన గుడ్డ

బెల్లంపల్లిలో ట్రాలీ ఆటో ఎక్కేటప్పుడే సుధాకర్ తనతో తాను ఒక ఒప్పందం చేసుకున్నాడు. పెట్టెల వైపు చూస్తాడు, పెట్టెల లోపలున్న వాటి వైపు మాత్రం చూడడు. పెట్టెలు తను చేసినవి. లోపలున్నవి తేనెటీగలు. పెట్టెల మీద ఎంత ప్రేమో, ఈగలంటే అంత భయం అతనికి. చిన్నప్పుడు ఎవడో తుట్టెను రాయితో కొడితే, పక్కన నిలబడ్డ పాపానికి ఇతని మొహం గుమ్మడికాయంత అయింది. అలాంటి మనిషి తేనెటీగలకు ఇల్లు కడుతున్నాడని భార్య నర్మద నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేది.

అతనిది కరీంనగర్ అవతల, గంగాధర పక్క ఊరు. మీసాలు రాకముందు నుంచే సాంచాల మీద పని. మరమగ్గాన్ని అటువైపు సాంచా అనే అంటారు. ఆ చప్పుడులో పెరిగి, ఆ చప్పుడులోనే పెళ్లి చేసుకుని, మామూలుగా మాట్లాడినా పోట్లాడినట్టు అరవడం అలవాటైపోయింది. ఇప్పుడు షెడ్డులో అంత చప్పుడు లేదు. ఆసామి కొన్ని సాంచాలను పాత ఇనుముకు అమ్ముకున్నాడు. మిగిలినవి ఆర్డరు ఉన్ననాడు ఆడతాయి, లేనినాడు దుమ్ము తింటాయి. నర్మద తమ్ముడు తిరుమల దూరాన మరమగ్గాల ఊరైన భివండి నుంచి ఫోను మీద ఫోను చేస్తున్నాడు, నీకు జాగా చూసిపెట్టిన బావా, వచ్చెయ్ అని.

సుధాకర్ తండ్రి కూడా భివండిలోనే బతుకంతా గడిపాడు. ఎప్పుడో పండగకో పెళ్లికో చుట్టంలా ఇంటికి వచ్చేవాడు. ఆయన్ని బాపూ అని పిలవాలంటే సుధాకర్‌కు సిగ్గేసేది. సిగ్గు విడిచి పిలవడం అలవాటయ్యేసరికి ఆయన మళ్లీ రైలెక్కేవాడు. తన బిడ్డ కోమల తనను అట్లా తలుపు చాటు నుంచి చూడకూడదని సుధాకర్ కోరిక. కోరిక పెద్దదేమీ కాదు. కానీ ఇంట్లో ఉండి బతకడానికి ఇంట్లో ఉండి చేసే పని కావాలి కదా.

ఆ పనికి దారి చూపించింది మహిమ. బెల్లంపల్లిలో పాత గని క్వార్టర్ల వెనుక ఆమె తేనెటీగలను పెంచుతుంది. మెథడిస్టు చర్చిలో పాటలకు గొంతెత్తితే కిటికీలు అదురుతాయి, ఈగల దగ్గర మాత్రం గుసగుసగా మాట్లాడుతుంది. తేనె వడకట్టడానికి పల్చటి గుడ్డ కొనుక్కునేందుకు ఏటా గంగాధర దిక్కు వచ్చేది. ఒకసారి నర్మద ఇచ్చిన చాయ్ తాగుతూ నడుము పట్టుకుని మూలిగింది.

"గీ కట్టె పెట్టెలు మోసుడుకు నా నడుము ఇరిగిపోతున్నది చెల్లే. ఊరూరికి తిప్పాల్నాయె. బరువు లేని పెట్టె చేసేటోడు దొరికితే వానికి రోజూ ప్రార్థన చేస్త."

ప్రార్థన మాట ఎట్లా ఉన్నా, సుధాకర్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వెదురు బద్దలతో చట్రం కట్టాడు. పక్కలకు పల్చటి చెక్క వేశాడు. పైన మూతకు, కింద అడుగుకు గాలి ఆడేలా తను నేసిన సన్నటి నూలు గుడ్డ బిగించాడు. తేనెతుట్టెలు దారంతో కట్టిన సన్నటి చట్రాలు లోపల వరసగా దిగుతాయి. పెట్టెను ఒంటి చేత్తో, పాలక్యాను పట్టుకున్నట్టు పట్టుకుని నడవొచ్చు. గుడ్డ వదులుగా ఉంటే ఎబ్బెట్టుగా ఉంటుందని నర్మద చేత చిక్కటి గంజి కాయించి, దాని మీద రెండు పూతలు పూయించాడు. ఎండలో పెడితే డప్పులా బిగిసింది. ఎత్తి చూస్తే నేతలోంచి సూర్యుడు కనిపించాడు. గుడ్డ అంటే గంజి ఉండాలి, గంజి లేని గుడ్డ నేతగాడికి బట్టలిప్పుకుని బజారుకు పోయినట్టు. తన పెట్టెను తనే నాలుగు వైపుల నుంచీ చూసుకుని మురిసిపోయాడు. నర్మద పక్కన నిలబడి ఏదో అనబోయి ఊరుకుంది.

పరీక్ష ఈ ప్రయాణమే. మహిమ తమ్ముడు జోయల్ బోథ్ దగ్గర పుచ్చ తోట వేశాడు. తీగ నిండా పూలు, కానీ పిందె పడటం లేదు. పడిన ఒకటీ అరా పచ్చబడి రాలిపోతోంది. చుట్టూ పత్తి చేలకు కొట్టిన మందులకు ఈగ అనేది ఆ చుట్టుపక్కల కనిపించడం మానేసింది. పూలు ఉన్న ఈ కొద్ది రోజుల్లోనే ఈగలు అక్కడికి చేరాలి. చేరితే జోయల్ తోట నిలబడుతుంది. పెట్టెలు చూడటానికి చుట్టుపక్కల రైతులు కూడా వస్తామన్నారు. నచ్చితే సుధాకర్‌కు ఇంట్లో కూచుని చేసుకునే పని దొరుకుతుంది. నచ్చకపోతే తిరుమల చూసిపెట్టిన జాగా ఉండనే ఉంది. ఈ మాట భార్యాభర్తలు ఇద్దరూ అనుకున్నారు, అనుకున్నాక మళ్లీ ఎత్తలేదు.

సుధాకర్ చేసిన మూడు పెట్టెల్లోకి మహిమ ఈగలను ముందే మార్చింది. అవన్నీ ఇంటికి చేరాక, పొద్దుగూకే వేళ ఆ పెట్టెల వాకిళ్లు మూసింది. తెల్లవారకముందే బయలుదేరితే ఎండ ముదరకముందే బోథ్ చేరొచ్చు. రాత్రే పోదామంటే జన్నారం దాటాక అడవి దారి. చీకట్లో సరుకు బండ్లను పోనివ్వరు. బండి కదిలే ముందు మహిమ ఒక్కో పెట్టె మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. మూడో పెట్టె మీద చెయ్యి ఎక్కువసేపు ఉంచింది. అది చర్చి కిటికీ కమానులో దిగిన గుంపు. పొగపెట్టి కాల్చేద్దామని పెద్దమనుషులు అంటే, నిచ్చెన వేసుకుని తనే ఎక్కి, ఒక్క ఈగ చావకుండా దింపుకుంది.

"ప్రభువుకు జర జల్ది చెప్పక్కా, దారి పొడుగున్నది," అన్నాడు డ్రైవరు భూమన్న స్టీరింగు మీద వేళ్లు వాయిస్తూ.

లక్సెట్టిపేట దాటేవరకు అంతా సవ్యంగానే ఉంది. వెనక ట్రాలీలో పెట్టెల పక్కన మహిమ, ఆమెకు ఎదురుగా, వీలైనంత దూరంలో సుధాకర్. పెట్టెల్లోంచి ఒకటే సన్నటి జుమ్మనే మోత. సాంచా మీద పని చేసినవాడికి చెవే సగం కన్ను. ఈ మోత సమంగా ఉంది, ఎక్కడా పోగు తెగలేదు అనుకున్నాడు సుధాకర్. కొంచెం ధైర్యం వచ్చి కాళ్లు చాపుకున్నాడు కూడా.

జన్నారం దాటాక చెక్‌పోస్టు ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. గేటు తెరిచే వేళ అయింది, తెరిచారు కూడా. కానీ మక్కజొన్నల లోడుతో ముందున్న లారీ ఇరుసు విరిగి సరిగ్గా గేటులోనే కూలబడింది. అటు పోవడానికి లేదు, ఇటు పోవడానికి లేదు. వెనక్కి తిప్పుదామంటే ఈలోపు వెనక కూడా బండ్లు చేరాయి. జాకీలు తెచ్చారు, బస్తాలు దించారు, ఒకరినొకరు తిట్టుకున్నారు. లారీ మాత్రం కదల్లేదు. భూమన్న దిగి అందరికీ సలహాలు చెప్పి వచ్చాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. ఇగ పది నిమిషాలే."

ఆ పది నిమిషాలు పొద్దు పైకెక్కేదాకా సాగాయి. చుట్టూ టేకు అడవి, పేరుకే అడవి. ఆకులన్నీ రాలిపోయి మోడులు నిలబడ్డాయి. నీడ అన్నదే లేదు. ట్రాలీ రేకు కాలుతోంది. మహిమ మాటిమాటికీ పెట్టెల మీద అరచెయ్యి పెట్టి చూస్తోంది, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.

"లోపల ఎచ్చ ఎక్కుతున్నది తమ్మీ. మైనం మెత్తబడితే తుట్టెలు జారుతయ్. తుట్టె జారితే రాణి దాని కింద పడి నలుగుతది. రాణి పోతే ఇగ గుంపే లేదు."

జుమ్మనే మోత పెద్దదైంది. లోపల వేల రెక్కలు ఒక్కసారి విసురుతున్న చప్పుడు. సుధాకర్ కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. మహిమ సంచిలోంచి నీళ్ల సీసా తీసింది.

"నీళ్లు చల్లుదాం. కట్టె పెట్టెలప్పుడు గోనెపట్టా కప్పి తడుపుతుంటి. జర్రసేపట్ల సల్లబడుతుండె."

చేత్తో చిలకరిస్తూ మూడు మూతలూ తడిపింది. గుడ్డ నీళ్లు పీల్చుకుంది. కాసేపటికి మోత కొంచెం తగ్గినట్టే అనిపించింది. మహిమ మొహం తేటపడింది.

"సూసినవా? నీ గుడ్డ మంచిగ నీళ్లు పడుతున్నది."

తన గుడ్డను మెచ్చుకుంటే సుధాకర్‌కు ఆ ఎండలో కూడా చల్లగా అనిపించింది. ఎట్టకేలకు లారీని పక్కకు లాగారు. బండి కదిలింది. గాలి తగులుతుంది, ఇక భయం లేదు అనుకున్నారు. కానీ అడవి దారి గుంతలమయం, బండి నడక నత్తనడక. వీచే గాలి కూడా పొయ్యి ముందు కూచున్నట్టే ఉంది. మోత మళ్లీ లేచింది. ఈసారి అది జుమ్మనడం కాదు, గీపెట్టడం. మహిమ మళ్లీ నీళ్లు చల్లింది. మళ్లీ మోత తగ్గింది.

ఆ తగ్గడమే సుధాకర్‌కు నచ్చలేదు. సాంచా ఆగే ముందు చప్పుడు చిన్నబోతుంది. అది అలసట తీరి నెమ్మదించడం కాదు, లోపల ఏదో పట్టేసినప్పుడు వచ్చే నెమ్మది. అతను తన ఒప్పందం మరిచి ముందుకు వంగాడు. భయపడుతూనే, దగ్గరగా ఉన్న పెట్టె మూత మీద చూపుడువేలు ఆనించాడు.

వేలు జారింది. జిగురుగా జారింది.

ఆ జారుడు అతనికి తెలుసు. నూలుకు గంజి పట్టించే తొట్టిలో చెయ్యి పెట్టినప్పటి జారుడు అది. నీళ్లు తగిలిన గంజి ఉబ్బింది. రెండు పూతల చిక్కటి గంజి నేతలో కన్ను కన్నునా నిండి మైదాపిండి పూసినట్టు పొరకట్టింది. పొడిగా ఉన్నప్పుడు సూర్యుడు కనిపించిన గుడ్డలోంచి ఇప్పుడు వెలుతురే పోవడం లేదు, గాలి ఎట్లా పోతుంది? కారిన నీళ్లకు అడుగు గుడ్డ కూడా ట్రాలీ రేకుకు అతుక్కుపోయి ఉంటుంది. మహిమ చల్లిన ప్రతి గుక్కెడు నీళ్లూ ఆ ఈగల ముక్కు మూస్తున్నాయి. అవి చల్లబడలేదు. ఊపిరాడక సొమ్మసిల్లుతున్నాయి.

వెంటనే చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోటికి భివండి రైలు అడ్డం వచ్చింది. చెబితే ఏమవుతుంది? పెట్టె పనికిరాదని తేలుతుంది. బోథ్‌లో రైతులు ఎదురుచూస్తున్నారు. అంతదూరం మోసుకొచ్చి నా పెట్టె ఈగలను చంపుతుందని నేనే చెప్పుకోవాలా? ఇంకెంత దూరం, ఉట్నూరు వచ్చేస్తే ఎక్కడైనా చెట్టు కింద ఆపి, ఏదో ఒకటి చెప్పి మెల్లగా గుడ్డ మార్చొచ్చు. ఎండలో ఆరితే గంజి మళ్లీ బిగుసుకుని కన్నాలు తెరుచుకుంటాయేమో. అవునో కాదో అతనికే తెలియదు. మనిషి తప్పించుకోవాలనుకుంటే ఎన్ని దారులు కనిపిస్తాయో అన్నీ కనిపించాయి.

మహిమ ఇంకో సీసా మూత తిప్పింది. మూడో పెట్టె మీద, చర్చి కిటికీ గుంపు మీద, ప్రేమగా కుమ్మరించింది. సుధాకర్ చూస్తూ కూచున్నాడు. చెయ్యి లేవలేదు, నోరు లేవలేదు.

"పండుకున్నట్టున్నయ్ బిడ్డలు," అంది మహిమ.

ఆ మాటకు సుధాకర్ దిగ్గున లేచాడు.

"ఆపు భూమన్నా! బండి ఆపు!" అని అరిచాడు. సాంచాల షెడ్డు అరుపు అది. భూమన్న బ్రేకు తొక్కితే బండి అడ్డం తిరిగింది.

"అక్కా, నీళ్లు పొయ్యకు. నీళ్లు పొయ్యకు అక్కా. గంజి! నా గుడ్డకు గంజి ఉన్నది. తడిస్తే మూసుకపోతది. లోపలికి గాలి పోతలేదు. అవి పండుకోలే, సస్తున్నయ్."

మహిమకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత మూత మీద చెయ్యి వేసి, వేళ్లు రుద్ది చూసుకుంది. చేతిలోని సీసా పక్కకు విసిరింది.

చుట్టూ మోడుచెట్లే. కొంచెం ముందు రోడ్డు కింద చిన్న కల్వర్టు, దాని కింద ఎండిన వాగు. ఉన్న నీడంతా అదే. ముగ్గురూ తలా ఒక పెట్టె పట్టుకుని వాగులోకి ఉరికారు. ఒంటి చేత్తో పట్టుకుని ఉరకగలిగారు. ఆ తేలికతనానికి సంతోషించే తీరిక ఎవరికీ లేదు.

"గుడ్డ చింపాలె," అన్నాడు సుధాకర్.

"చింపితే అన్ని బయటపడి అడవిల కలిసిపోతయ్. మళ్ల దొరుకయ్. చింపుడెంత జల్దో, కప్పుడు గంత జల్ది కావాలె. దేంతోని కప్పుతం?"

సుధాకర్ తన చొక్కా కొస వేళ్ల మధ్య నలిపి చూశాడు, చిక్కటి నేత, పనికిరాదు. భూమన్న మెడలో తువ్వాలు ఇంకా మందం. మహిమ తమ్ముడింట్లో కట్టుకోవడానికి బట్టలు తెచ్చుకున్న సంచి బోర్లించాడు. అందులో పాత వాయిలు చీర ఒకటి. ఎన్ని ఉతుకులు ఉతికిందో, గంజి జాడ లేకుండా, వేళ్లకు పొగలా మెత్తగా తగిలింది. నోటికి ఆనించి ఊదాడు. ఊపిరి ఆ పక్కకు పోయింది.

"గీ చీర!"

"చింపు," అంది మహిమ. మొహానికి కట్టుకునే జాలీ టోపీ ఒక్కటే ఉంటే తీసి అతని నెత్తిన పెట్టింది.

భూమన్న చీరను ఆరు ముక్కలు చేశాడు. చేసి, తన పని అయిపోయినట్టు బండి దగ్గరికి పోయి నిలబడ్డాడు. అతన్ని తప్పుపట్టలేం. మహిమ చీర ముక్క చాచి పట్టుకుంది. సుధాకర్ మొదటి పెట్టె ముందు మోకాళ్ల మీద కూచున్నాడు. జేబులోని బ్లేడు పెట్టి, తను వారం రోజులు మురిసిపోయిన గుడ్డను ఈ మూల నుంచి ఆ మూలకు కోసేశాడు.

లోపలి నుంచి ఆవిరి మొహానికి కొట్టింది. ఆవిరితో పాటు ఈగలు. తడిసి, తూలుతూ, ఎగరలేక పాకుతూ అతని చేతుల మీదికి ఎక్కాయి. మణికట్టు మీద ఒకటి కుట్టింది, వేళ్ల సందులో ఒకటి. చిన్నప్పటి మంట మళ్లీ కళ్ల ముందు మెరిసింది. నీ అవ్వ, కుట్టుండ్రి, నన్నే కుట్టుండ్రి అని గట్టిగా అంటూ, ఏడుస్తూ, చీర ముక్కను నాలుగు అంచుల మీదా లాగి బిగించాడు. మహిమ పురికొస చుట్టింది. పెట్టెను బోర్లించి అడుగు గుడ్డా చింపి, ఇంకో ముక్క బిగించారు. కొన్ని ఈగలు బయటపడిపోయాయి. మిగిలినవి గాలి తగలగానే ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉండి, తర్వాత మెల్లగా రెక్కలు ఆడించడం మొదలుపెట్టాయి. రెండో పెట్టె కూడా అట్లాగే, ఇంకొంచెం ఆలస్యంగా మోత అందుకుంది.

మూడో పెట్టె చింపినప్పుడు ఏమీ బయటికి రాలేదు.

మహిమ సుధాకర్‌ను పక్కకు జరిపి తనే చేతులు పెట్టింది. తుట్టెలు జారి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తేనె కారి అడుగున మడుగు కట్టింది. అందులో ఈగలు నల్లగా, ముద్దగా ఉన్నాయి. ఆమె ఒక్కో తుట్టె తీసి కింద పరుచుకుని, చచ్చినవాటిని వేళ్లతో పక్కకు తోస్తూ రాణి కోసం వెతికింది. చాలాసేపు వెతికింది. దొరికాక అరచేతిలో పెట్టుకుని చూసి, ఇసుకలో పెట్టింది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది, అతని వైపు తిరక్కుండానే.

సుధాకర్ చేతులు ఉబ్బుతున్నాయి. ఇప్పుడే తెలిసింది అక్కా అంటే ఆమె నమ్ముతుంది. నమ్మడానికి సిద్ధంగా ఉన్న గొంతే అది.

"నువ్వు గీ పెట్టె మీద నీళ్లు కుమ్మరియ్యకముందే," అన్నాడు.

మహిమ కొంగుతో చేతుల జిగురు తుడుచుకుంది. తిట్టినా బాగుండేది. చచ్చిన పెట్టెను కూడా బండిలోనే పెట్టుకుంది. బతికిన రెండు పెట్టెల మధ్య కూచుని, వాటి మోత తగ్గుతుందేమోనని చెవి ఒగ్గి, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో వాటిని పట్టుకుంది. సుధాకర్ కూడా దారి పొడవునా ఆ మోతనే వింటూ కూచున్నాడు. ఒకసారి రెండో పెట్టె చప్పుడు సన్నగిల్లినట్టు అనిపిస్తే అతను వంగి మూతకు చెవి ఆనించాడు. మళ్లీ అందుకుంది. ఇచ్చోడ వచ్చేదాకా అతను ఊపిరి పీల్చుకుంది ఆ ఈగలతో పాటే.

తోట దగ్గర జోయల్ ఎదురొచ్చాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాడు. అతని వెనక మరికొందరు రైతులు ఉన్నారు. ముందు వరసలో దశరథం అనే పెద్దాయన, ఆయన అక్క లస్మవ్వ అనే ముసలామె. పొద్దు వాలింది, పుచ్చపూలు అప్పటికే ముడుచుకున్నాయి. రేపు పొద్దున విచ్చుకుంటాయి. మహిమ గట్టు నీడన రెండు పెట్టెలను పెట్టి వాకిళ్లు తెరిచింది. ముందు ఒకటి వచ్చింది, గడప మీద నిలబడి చుట్టూ చూసింది. తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని. పెట్టె చుట్టూ తిరుగుతూ కొత్త చోటును గుర్తుపెట్టుకోసాగాయి. జోయల్ నేల మీద కూచుండిపోయి చూశాడు. అతని మొహం తేరుకుంది.

దశరథం పెట్టెను ఎత్తి చూసి ఆశ్చర్యపోయాడు. "అరె, పూరీ లైట్ ఉన్నది గదా! మా ముసల్ది గూడ ఎత్తుతది."

"ఎవర్రా ముసల్ది?" అంది లస్మవ్వ. అందరూ నవ్వారు.

జోయల్ చూపు మూడో పెట్టె మీద పడింది. "అక్కా, గిదేంది? గిది తెరుస్తలేవు?"

నవ్వులు ఆగాయి. మహిమ అతని వైపు చూడలేదు. పెట్టె వైపు చూస్తూనే చెప్పింది.

"గది పోయింది. ఎండకు పోయింది."

దశరథం ఎండను తిట్టాడు. చెక్‌పోస్టు దగ్గర లారీ సంగతి భూమన్న ఎత్తుకున్నాడు. అందరూ లారీని తిట్టారు. అంతటితో మాట ముగిసిపోయింది. మహిమ తన కోసం అబద్ధమాడింది. చర్చిలో తప్ప ఎక్కడా గొంతెత్తని మనిషి, చచ్చిన గుంపును వెంటబెట్టుకుని ఇంతదూరం వచ్చిన మనిషి, తన పెట్టె అమ్ముడుపోవాలని ఎండ మీద నెపం పెట్టింది. సుధాకర్ ఊరుకుంటే చాలు. ఇంకేమీ చేయనక్కర్లేదు. పొద్దున బండిలో ఊరుకున్నట్టే ఊరుకుంటే చాలు.

"ఎండకు కాదు," అన్నాడు.

అందరూ తిరిగారు.

"ఎండకు కాదే. నా గుడ్డకు పోయింది. నేను గంజి పెట్టిన. తడిస్తే ఊపిరాడదని నాకు సోయి లేకపాయె. నాకు తెలిసినంక గూడ నోరు ఇప్పకుంట కూసున్న. గప్పుడే చెప్తే గా పెట్టె గూడ బతుకుతుండె."

దశరథం చేతిలోని పెట్టెను జాగ్రత్తగా కింద పెట్టాడు. లస్మవ్వ మూడో పెట్టె దగ్గరికి వచ్చి, చిరిగి వేలాడుతున్న గుడ్డను గోటితో గీకి చూసింది. రైతులు ఒక్కొక్కరే, పొద్దు పోతున్నదంటూ కదిలారు. పెట్టె కావాలని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. మహిమ గట్టు మీద కూచుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను గూడ ముందే సూసుకోవాల్సుండె," అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు. "తేనె వడకట్టే గుడ్డనైతే గంజి పొయ్యేదాక ఉడకబెట్టంది ముట్ట. గీ గుడ్డను వేలు పెట్టి గూడ చూడలే." తర్వాత లేచి జోయల్ ఇంట్లోంచి సున్నం తెచ్చి, ఉబ్బిన అతని చేతుల మీద అద్దింది. ఆమె చెయ్యి మెత్తగా ఏమీ లేదు. నొప్పి పుట్టేలాగే అద్దింది.

సుధాకర్ గట్టు చివరికి పోయి నర్మదకు ఫోను కలిపాడు. సగం మోగకముందే ఎత్తింది. పొద్దుటి నుంచి చేతిలోనే పెట్టుకుని కూచున్నట్టుంది.

"ఎట్లయింది?"

చెప్పాడు. లారీ నుంచి మొదలుపెట్టి, వేలు జారిన సంగతి, తను ఊరుకున్న సంగతి, పెట్టె చింపినప్పుడు ఏమీ బయటికి రాని సంగతి, రైతుల ముందు ఒప్పుకున్న సంగతి, దాచకుండా చెప్పాడు.

"నర్మదా, తిరుమలకు చెప్పు. వస్త అని చెప్పు."

"నాకు అనిపించింది," అంది నర్మద.

"ఏంది?"

"నీళ్లు తగిలితే ఎట్లనో అని. రెండో పూత పూసేటప్పుడే అనిపించింది. అందామనుకున్న. నువ్వు పెట్టెను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంట మురుస్తుంటివి. నిన్ను గట్ల చూసి ఎన్నొద్దులాయెనో. గందుకే నోరు మూసుకున్న." మళ్లీ తనే అంది, "నేను అంటే ఒక్క ఈగ గూడ సచ్చేది గాదు."

సుధాకర్ గట్టు మీద కూలబడ్డాడు. పొద్దున్నుంచి బిగబట్టింది ఒక్కసారిగా తన్నుకొచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ ఒకరికొకరు నొప్పి తగలకుండా ఎన్ని మాటలు మింగారో, అవన్నీ ఆ ఎండిన వాగులో తేనె మడుగులో తేలినట్టు అనిపించింది. ఆమె మీద కోపం రాలేదు. తన మీద కూడా, మొదటిసారి, అంత కోపం రాలేదు. జాలి వేసింది, ఇద్దరి మీదా.

"ఏడుస్తున్నవా?" అంది నర్మద.

"లే. ఈగ కుట్టింది."

"తిరుమలకు నేను చెప్ప. నీకు చెప్పబుద్దయితే నువ్వే చెప్పుకో." ముక్కు చీదుకుని అంది, "పెద్ద గిన్నె కడుగుతున్న. నీళ్లు పొయ్యి మీద పెడుత."

"ఎందుకు?"

"ఎందుకేంది? గుడ్డ ఉడకబెట్టద్దా?"

తోటలో వెలుగు తగ్గుతోంది. ఈగలు ఒక్కొక్కటే రెండు పెట్టెల వాకిళ్లలోకి దూరిపోతున్నాయి.

"ఇంట్ల ఎన్ని మీటర్లు ఉన్నది?" అని అడిగాడు.